నలభై ఏడో సాలు

సారమ్మకు కుళ్లుబోతుతనం ఉందని ఎవరైనా అంటే ఊళ్లో ఒక్కరూ ఒప్పుకోరు. పక్కింటి కోడలికి నొప్పులొస్తే ఆటో కోసం పరిగెత్తేది ఆవిడ. ఆదివారం చర్చిలో చాపలు పరిచేది ఆవిడ. వీధిలో ఎవరి పిల్లకు ఉద్యోగం వచ్చినా కన్నతల్లి కంటే ముందు కళ్లనీళ్లు పెట్టుకునేదీ ఆవిడే. నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తనలో అసూయ అనేది ఒకటుందని ఆమెకే తెలియదు. దాంతో పని పడలేదు, అంతే. పని పడిన ఏడు అది ఎంతుందో చూసుకుని తనే బెదిరిపోయింది.

ఎమ్మిగనూరు నుంచి పెద్దకడుబూరు వెళ్లే దారిలో ఇనుప కంచె కట్టిన ముప్పై ఎకరాల తోట ఒకటుంది. అది ఒక విత్తనాల కంపెనీది. రైతులకు అమ్మే మొక్కజొన్న విత్తనం అక్కడ పండించరు. ఏ విత్తనం అమ్మొచ్చో, ఏది పనికిరాదో అక్కడ తేలుస్తారు. ముఖ్యంగా వాన మొహం చాటేసినా నాలుగు గింజలిచ్చే విత్తనం కోసం వెతుకుతారు. ఆ వెతుకులాటకు పెద్ద విశ్వేశ్వరయ్య సారు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, అంగట్లో కూర్చోమంటే కూర్చోకుండా వ్యవసాయం చదువుకుని, ఎండన పడి తిరిగే మనిషి. ఆయన రాసుకునే పుస్తకంలో సగం సారమ్మ చెప్పిన మాటలే ఉండేవి.

సారమ్మ చేసేది పూత లెక్క. మొక్కజొన్నకు మగపూత నెత్తిన వస్తుంది, దాన్ని జల్లు అంటారు. ఆడపూత నడుము దగ్గర కండె కొసన పీచులాగా బయటికొస్తుంది. పీచులో ఒక్కో పోగుకు పుప్పొడి అంటితే ఒక్కో గింజ పడుతుంది. నీళ్లు బాగా ఉంటే జల్లు, పీచు రెండూ ఒకటి రెండు రోజుల తేడాలో వస్తాయి. నీళ్లు లేకపోతే జల్లు తన పాటికి తాను విచ్చుకుంటుంది, పీచు మాత్రం బిక్కచచ్చిపోయి లోపలే కూర్చుంటుంది. వారం తర్వాత అది బయటికొచ్చేసరికి పుప్పొడి గాలికి పోయి ఉంటుంది. కండె ఉంటుంది, అందులో గింజ ఉండదు. అందుకని ఎండకు ఓర్చే విత్తనం ఏదో తెలియాలంటే జల్లుకూ పీచుకూ మధ్య ఎడం ఎన్ని రోజులో చూడాలి. పూత రోజుల్లో పొద్దు పొడవకముందే సారమ్మ సాళ్ల మధ్య నడిచేది. సాల్లో సగం మొక్కలకు జల్లు విచ్చుకున్న రోజు ఒకటి, సగం మొక్కలకు పీచు వచ్చిన రోజు ఒకటి, రెండూ సారుకు చెప్పేది. చదువు రాదు. తొంభై సాళ్ల తేదీలు మాత్రం ఒక్కటి తప్పకుండా నోటితో చెప్పగలిగేది.

ఆ పని ఏడాది పొడవునా ఉండేది. అది ఎంత పెద్ద సంగతో ఆ ప్రాంతం వాళ్లకే తెలుసు. కోసిగి, పెద్దకడుబూరు చుట్టుపక్కల ఊళ్లలో పత్తి ఏరడం అయిపోగానే జనం ఇళ్లకు తాళాలు వేసుకుని సుగ్గికి పోతారు, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు. మూడు నెలలు చేల గట్ల మీద పట్టాల కింద పడుకుంటారు. సారమ్మ, ఆమె మొగుడు యేసేపు అలా తొమ్మిదేళ్లు పోయారు. తొమ్మిదో ఏడు మిరప మూట మీద వేసుకుని లారీ ఎక్కుతూ యేసేపు వెల్లకిలా పడ్డాడు. తుంటి దెబ్బతింది. ఆ మనిషి ఇక వంగలేడు. ఆ తర్వాతే సారమ్మకు తోటలో ఈ పని దొరికింది. వాళ్లింటికి తాళం పడి పద్నాలుగేళ్లయింది.

ఆమెకు ఇంకొక గొప్ప కూడా ఉంది. ఎనిమిదేళ్ల కిందట బోరు ఎండిపోయి ఒక మడి మడంతా మాడిపోయింది. అంత మాడులోనూ ఒక్క మొక్క జల్లూ పీచూ ఒకే రోజు చూపించింది. చూసింది సారమ్మ. పరిగెత్తుకుపోయి సారును చెయ్యి పట్టుకోకుండా పట్టుకున్నంత పని చేసి లాక్కొచ్చింది. ఆయన ఆ మొక్క పూతకు కాగితం సంచి కట్టి, దాని విత్తనాన్ని ఏటేటా శుద్ధి చేసి, ఇంకో రకంతో కలిపి హైబ్రిడ్ కట్టాడు. రాతకోతల్లో దానికి ఏదో పొడుగాటి నంబరుంది. తోటలో మాత్రం అందరూ సారమ్మ చెట్టు అనే అనేవాళ్లు. సార్ కూడా ఒకటి రెండుసార్లు అన్నాడు.

పుష్ప పోయిన ఆగస్టులో వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, కోసిగి దగ్గరి ఊరు, మొగుడు అశోక్ బెంగుళూరులో బిల్డింగు పనికి పోతాడు. సన్నగా, గట్టిగా, నవ్వితే అందరి కళ్లూ తన మీదకు తిప్పుకునేలా ఉంటుంది. వచ్చిన కొత్తలో సారమ్మే ఆ పిల్లను దగ్గరికి తీసింది. కూలీలందరిలో ఈ ఒక్కదానికే ప్రశ్నలు అడిగే అలవాటుంది. సంచి ఎందుకు కట్టాలి, పీచు కొస ఎందుకు కత్తిరించాలి, అని అడిగేది. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్లకు ముచ్చటేస్తుంది గదా. సారమ్మ చెప్పింది. ఒకరోజు తన చెట్టు సాలు దగ్గరికి తీసుకెళ్లి దాని గుర్తులు కూడా వేలు పెట్టి మరీ చూపించింది. పుష్ప "పెద్దమ్మా, పెద్దమ్మా" అని వెంట తిరిగింది. సారమ్మ ఇంటికొచ్చి యేసేపుతో ఆ పిల్ల బంగారమని చెప్పింది.

బంగారం జనవరి దాకా బంగారంగానే ఉంది. జనవరిలో కంపెనీ వాళ్లు ఏడాది పొడవునా ఉండే పనివాళ్లను తగ్గిస్తామన్నారు. నీళ్లు చూసే తిమ్మన్న ఉంటాడు, పూత లెక్కకు ఒక్కరే ఉంటారు, మిగిలినవాళ్లకు సీజను కూలీ మాత్రమే. ఆ ఒక్కరు ఎవరో ఈ పంట కోశాక సార్ చెప్తాడు. సారమ్మ మొదట దాన్ని పట్టించుకోలేదు. ఆ ఒక్కరు తను కాక ఇంకెవరు?

ఆ పంట ఎండు పరీక్ష. ముప్పై రకాల విత్తనం, మూడు మళ్లు. ఒక్కో మడిలో ముప్పై రకాలనూ కలగాపులగంగా వేస్తారు, ఏ నంబరు సాల్లో ఏ రకముందో సార్ దగ్గర అంటించిన కవర్లో తప్ప ఎక్కడా ఉండదు. నేల ఒకచోట లోతు, ఒకచోట పలుచన ఉంటుంది, ఒక్క సాలును నమ్మకూడదని ఆయన పద్ధతి. ఇదంతా సారమ్మకు తెలియనిది కాదు. పూతకు పదిహేను రోజుల ముందు నీళ్లు ఆపేస్తారు. ఆ తర్వాత ఆ మళ్లలో ఎవరూ నీళ్ల చుక్క పడెయ్యకూడదు. ముందటేడు ఒకామె సద్ది గిన్నె గట్టు మీద కడిగిందని సార్ ఆమెను అప్పటికప్పుడు ఇంటికి పంపేశాడు. దిగువ మడి సారమ్మ చూడాలి, ఎగువ మడి పుష్ప చూడాలి, మూడోది సార్ తనే చూసుకుంటానన్నాడు. ఎగువ మడిని పుష్పకిచ్చినప్పుడే సారమ్మ మూతి కొంచెం ముడుచుకుంది.

మార్చిలో జల్లులు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున దిగువ మడి ఎనిమిదో సాల్లో పీచు రేపొస్తుందని సారమ్మ సారుకు చెప్పింది. ఆయన రాసుకుంటుంటే పక్కన నిలబడిన పుష్ప, పెద్దమ్మా నడుమ ఉన్న మొక్కలకు అప్పుడే వచ్చినట్టుంది, అంది. మెల్లగానే అంది. సార్ సాల్లోకి దిగి వంగి చూశాడు. ఇరవై మొక్కల్లో పదకొండింటికి పీచు వచ్చేసింది. తలవెంట్రుక కంటే సన్నం, తెల్లగా. సారమ్మకు కనబడలేదు. దూరంగా పోయే బస్సు బోర్డు రంగు చెప్పగలిగే ఆ కన్ను ఏడాదిగా దగ్గరి వస్తువులను మసక చేస్తోంది, ఆ సంగతి ఆమె యేసేపుకు కూడా చెప్పలేదు. సార్ తేదీ కొట్టేసి మార్చి రాశాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని సారమ్మకు అనిపించింది.

ఆ రోజు నుంచి ఆమెకు పుష్పలో అన్నీ తప్పులే కనబడ్డాయి. నడిస్తే ఆకులు విరుస్తుంది. నవ్వితే సార్ వినాలని నవ్వుతుంది. అన్నం గిన్నెలో చెనిక్కాయల పొడి తెచ్చి అందరికీ తలా కొంచెం పెడుతుంది, మంచిదనిపించుకోవడానికి. సారమ్మకు కూడా పెట్టబోతే కడుపులో బాగాలేదని చెప్పి, కానగ చెట్టు అవతలికి పోయి వీపు తిప్పి కూర్చుని, ఒట్టి చారన్నం తినింది. ఆ పొడి వాసన అక్కడికీ వచ్చింది. అది బాగుందని కూడా ఒళ్లు మండింది.

అసలు మంట నలభై ఏడో సాలుతో మొదలైంది. అది ఎగువ మడిలో, నేల అన్నిటికంటే పలుచగా ఉన్న మూల ఉంది. మొక్కలు పొట్టిగా, చూడ్డానికి దిక్కులేనివాటిలా ఉన్నాయి. నీళ్లు ఆపేసిన ఇరవయ్యో రోజు మధ్యాహ్నం మళ్లన్నిట్లో ఆకులు ఉల్లికాడల్లా చుట్టుకుపోయాయి. పుష్ప సారును పిలుచుకుపోయి ఆ సాలు చూపించింది. ఇది అన్నిటికంటే ఆలస్యంగా ఆకు చుడుతోందని, సాయంత్రం అన్నిటికంటే ముందు విప్పుతోందని, జల్లుకు కొమ్మలు కూడా తక్కువని, ఈ సాలు మీద కన్నుంచమని చెప్పింది. సార్ చాలాసేపు చూశాడు. "మంచి కన్ను పుష్పా నీది" అన్నాడు.

మంచి కన్ను అనే మాట సారమ్మది. పద్నాలుగేళ్లుగా అది ఆమెకు తప్ప ఇంకెవరికీ వాడలేదు. అది ఆ పిల్లకిచ్చేశాడు, పొట్లం మార్చినంత తేలిగ్గా. సారమ్మ కళ్లలో నిప్పులు పోసుకుంది. ఆ పిల్ల ఏం చూసిందో తనూ ఒకసారి చూద్దామని కూడా ఆమెకు అనిపించలేదు. నలభై ఏడో సాలు పక్కగా పోవాల్సి వస్తే తల తిప్పుకుని పోయేది. ఇంటికి పోయి, ఎగువ మడిలో పొట్టి మొక్కలను పట్టుకుని కొందరు ఊరేగుతున్నారని యేసేపుకు చెప్పింది. తన దిగువ మడిలో పందొమ్మిదో సాలుంది, చూస్తే ఏనుగులా ఉంది, అది తన చెట్టేనని వాసన పట్టి చెప్పగలనని చెప్పింది. నిజంగానే ఆ సాలును ఆమె మొదటి రోజే గుర్తుపట్టింది. యేసేపు అంతా విని, ఆ పిల్లకు పని దొరికితే మనం మళ్లీ సుగ్గికేనా అని అడిగాడు. సారమ్మ చెంబు తీసుకుని బయటికి పోయింది.

ఆ వారమంతా చర్చిలో, ఈస్టరుకు ముందొచ్చే శ్రమల కాలం ప్రార్థనలు జరుగుతున్నాయి. పాస్టరు ఓర్పు గురించి చెప్తున్నాడు. సారమ్మ కళ్లు మూసుకుంటే పొట్టి మొక్కలు, వాటి పక్కన పుష్ప, ఆ పిల్ల పక్కన సారు కనబడుతున్నారు. మనసులో ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. ప్రార్థన అయ్యేలోపల దాన్ని పొమ్మని మూడుసార్లు అంది. అది పోలేదు.

ఆలోచన ఇది. ఎండు పరీక్ష మడిలో ఒక్క సాలుకు నీళ్లు పోస్తే ఏమవుతుంది? మధ్యాహ్నం అన్ని సాళ్లూ ఆకులు చుట్టుకుని ఉంటే అది ఒక్కటే పచ్చగా విప్పారి ఉంటుంది. సార్ వచ్చి చూస్తాడు. తను మెచ్చుకున్న సాలును గెలిపించాలని పుష్పే నీళ్లు పోసిందనుకుంటాడు. గిన్నె కడిగినందుకే ఇంటికి పంపినవాడు దీనికి ఊరుకుంటాడా? చుక్క నీటి కోసం ఆడవాళ్లు బిందెలతో కొట్టుకునే ఊళ్లలో పుట్టి పెరిగిన మనిషి, ఒకరి మీద పగ తీర్చుకోవడానికి నీళ్లు పొయ్యాలనుకుంది. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు.

తెల్లారుజామున అందరికంటే ముందొచ్చేది ఎలాగూ తనే. తొట్టి దగ్గర రెండు బిందెలు ముంచి, నలభై ఏడో సాలు మొదళ్లలో పోసింది. నల్లరేగడి పగుళ్లిచ్చి ఉంది. పోసిన నీళ్లు పోసినట్టే గుటుక్కున లోపలికి పోయాయి. మరునాడు మూడు బిందెలు పోసింది. అలా ఆరు రోజులు పోసింది. పోసేటప్పుడు ఆ మొక్కల మొహం చూసింది లేదు. మొదళ్లు చూసుకుంటూ గబగబా పోసి, బిందె బోర్లించి, దిగువ మడికి పోయి ఏమీ తెలియనట్టు పీచులు చూస్తూ నిలబడేది.

నాలుగో రోజు మధ్యాహ్నం సార్ ఎగువ మడికి వచ్చాడు. సారమ్మ పనేదో పెట్టుకుని దగ్గర్లోనే ఉంది. నలభై ఏడో సాలు ఆకులు అరచేతుల్లా విప్పుకుని ఉన్నాయి. సార్ వంగి మట్టి పట్టుకుని చూశాడు. పైన పొడిగా ఉంది. పగుళ్లు మింగిన నీళ్లు పైకి ఎక్కడ కనబడతాయి? ఆయన లేచి మట్టి దులుపుకుని, మొహమంతా నవ్వుతో కూలీలందరినీ పిలిచాడు. ఇంత పలుచని నేలలో, ఇంత ఎండలో ఈ సాలు ఎలా నిలబడిందో చూడండి అన్నాడు. దీన్ని అందరికంటే ముందు పట్టుకున్నది పుష్ప అన్నాడు. తర్వాత రెండు రోజులకు పీచు కూడా జల్లు వచ్చిన మరునాడే వచ్చేసింది. సార్ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి రాసుకున్నాడు.

సారమ్మ అవస్థ ఎవరికి చెప్పుకోవాలి? బిందెలు మోసి నడుము నొప్పి తనకు, మెప్పు పుష్పకు. నేనే నీళ్లు పోశానని అరవాలని నాలుక చివరిదాకా వచ్చింది. అరిస్తే పోయేది తనే. ఆ రాత్రి యేసేపు తుంటికి నూనె రాస్తూ ఎంత గట్టిగా తోమిందంటే, చంపుతావా ఏమి అని అతను కేకేశాడు.

ఏప్రిల్ చివర కోతలయ్యాయి. ఒక్కో సాలు కండెలు ఒక్కో సంచిలో వేసి, షెడ్డులో వొలిచి, గింజలు తూచారు. పుష్ప నంబర్లు చదివింది, తిమ్మన్న కాటా పెట్టాడు, సార్ రాసుకున్నాడు. మాడిన సాళ్లు చాలావరకు కిలోన్నర దగ్గరే ఆగిపోయాయి. సారమ్మ పందొమ్మిదో సాలు రెండు కిలోల ఏడు వందలు తూగింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మూడో మడిలో అరవై ఎనిమిదోది రెండున్నర. నలభై ఏడోది ఐదు కిలోల వంద. షెడ్డులో అందరూ అబ్బా అన్నారు. సారమ్మ గోడ వైపు తిరిగి ఖాళీ సంచులు మడతపెట్టడం మొదలుపెట్టింది.

అన్నీ అయ్యాక సార్ కవరు చించి, ఏ నంబరు ఏ రకమో పక్కపక్కన రాసుకుంటూ పోయాడు. ఒకచోట పెన్ను ఆగింది. వెనక్కీ ముందుకీ కాగితాలు తిప్పాడు. మొహంలో నవ్వు పోయింది. తిమ్మన్న ఏమైందని అడిగితే, విసుగ్గా చెప్పాడు. పందొమ్మిది, నలభై ఏడు, అరవై ఎనిమిది మూడూ ఒకే రకం. మూడూ సారమ్మ చెట్టు.

సారమ్మ మడతపెడుతున్న సంచిని వదిలేసి ఇటు తిరిగింది.

సార్ చెప్పుకుంటూ పోతున్నాడు. రెండు చోట్ల రెండున్నర, ఒకచోట దానికి రెండింతలు. అదీ నేల పలుచగా ఉన్నచోట. ఇది కుదిరే మాట కాదు. విత్తనమన్నా కలిసిపోయి ఉండాలి, లేకపోతే ఈ రకమే నిలకడ లేనిదై ఉండాలి. పై పరీక్షకు ఐదు రకాలే పంపాలి, నమ్మకం లేనిదాన్ని పంపి రైతు నోట్లో మట్టి కొట్టలేను. అంటూనే ఆ రకం పేరు మీద అడ్డంగా గీత గీశాడు. ఎనిమిదేళ్ల పని, దీన్ని పక్కన పెడుతున్నా అన్నాడు. ఆ మాట అనడం ఆయనకూ కష్టంగానే ఉంది.

నిలకడ లేనిది అన్న మాట సారమ్మకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. మాడిపోయిన మడిలో ఒక్కతే నిలబడిన చెట్టు అది. దాన్ని అనాల్సిన మాట కాదు. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు, పూత లెక్క తనకే దక్కినా దక్కొచ్చు. నోరు తెరిస్తే జనవరిలో ఇంటికి తాళం, వంగలేని మొగుడితో మిరప చేలు. ఇదంతా ఆమె ఆలోచించింది. గొప్ప మనసుతో నోరు తెరిచిందని మాత్రం అనుకోకండి. తన చెట్టును నిలకడ లేనిదంటే వినలేకపోయింది, అంతే. అది కూడా ఒక రకం రోషమే.

"నీళ్లు నేనే పోసినా సార్" అంది. "నలభై ఏడో సాలుకు. ఆరు దినాలు, పొద్దున్నే వచ్చి. సెట్టుది తప్పు లేదు."

ఎందుకు పోశావని సార్ అడగలేదు. ఆయన ఒకసారి పుష్ప వైపు, ఒకసారి సారమ్మ వైపు చూశాడు. అడగాల్సిన అవసరం లేకపోయిందేమో. నలభై ఏడో సాలు లెక్కను కొట్టేశాడు. పందొమ్మిది, అరవై ఎనిమిది పక్కన పెట్టి చూసుకున్నాడు. రెండూ ఒకే మాట చెప్తున్నాయి, రెండూ మిగతా రకాలన్నిటికంటే పైనే ఉన్నాయి. గీసిన గీత మీద మళ్లీ పేరు రాసి, పై పరీక్షకు పోయే ఐదింటిలో దాన్ని చేర్చాడు. తర్వాత పెన్ను మూసి, తల ఎత్తకుండా, "పూత లెక్క ఈ ఏటి నుంచి పుష్ప చూస్తుంది సారమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. పద్నాలుగేళ్ల మనిషికి ఆ మాట చెప్పడానికి ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సారమ్మ సరే సార్ అని, చీర కుచ్చిళ్లు దులుపుకుని బయటికొచ్చింది. పంపు షెడ్డు వెనక నీడలో కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఇంటికి పోయి యేసేపుకు ఈ సంగతి ఏ మాటతో మొదలుపెట్టాలా అని చూసుకుంటూ ఉంది. చెట్టు గట్టెక్కిందని మొదలుపెట్టాలా, పని పోయిందని మొదలుపెట్టాలా?

కాసేపటికి పుష్ప వచ్చి కొంచెం ఎడంగా కూర్చుంది. తిట్టడానికి వచ్చిందేమోనని సారమ్మ చూసింది. తిడితే బాగుండును, తనూ నాలుగు తిట్టొచ్చు. ఆ పిల్ల తిట్టలేదు.

"ఆ సాలు నీ సెట్టేనని నాకు జల్లు తొంగిసూసిన నాడే తెలుసు పెద్దమ్మా" అంది. "ఆగస్టులో నువ్వే గదా సూపిచ్చినావు. పై ఆకులు నిక్కుకోని ఉంటాయి, జల్లుకు కొమ్మలు తక్కువ, ఆకు ఈనెకు ఎర్రజీర ఉంటాది అని. మూడూ కనపడినాయి. అందుకే సార్‌ను పిల్సకపోయి సూపిచ్చినా."

సారమ్మ ఆరు రోజులు ఆ మొక్కల మొదళ్ల దగ్గర వంగి నిలబడింది. తల ఎత్తి ఉంటే కనబడేది. దగ్గరి చూపు మసకైందని సర్దుకుందామంటే జల్లు నెత్తిన ఉండేది గదా, పీచంత సన్నం కాదు. కన్నది తను, గుర్తుపట్టింది ఇంకొకతె. ఇన్ని నెలల్లో ఎప్పుడూ రానంత కుళ్లు అప్పుడు వచ్చింది సారమ్మకు. పని పోయినప్పుడు కూడా అంత మండలేదు.

"నాకెందుకు సెప్పలేదే?" అంది చివరికి.

"నువ్వు నాతో మాట్లాడతాంటే గదా" అంది పుష్ప. "మాట్లాడినా, ఈ సాలు నీదే పెద్దమ్మా అని సెప్పుంటే నమ్మేదానివా?"

సారమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. మార్చి నుంచి ఆ మొహాన్ని నేరుగా చూడటం అదే మొదటిసారి. అబద్ధం చెప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

"నమ్మేదాన్ని కాదు" అంది. "ఇప్పుడు కూడా నమ్మబుద్ది కాలేదు నాకు."